ఆనందుడి జ్ఞాపకం: వరమా, సాధనా?





విహారంలో సుత్తపఠనం జరిగేటప్పుడు మీరొక సంగతి గమనించే ఉంటారు. దాదాపు ప్రతి సుత్తమూ ఒకే తీరున మొదలవుతుంది. తాను ఇలా విన్నానని ముందుగా ఒక మనిషి చెబుతాడు. తర్వాత తథాగతుడు ఆ సమయంలో ఏ ఊళ్ళో ఉన్నాడు, ఎవరు వచ్చి ఏమడిగారు, ఆయన ఏం చెప్పాడు అన్న వివరం వస్తుంది. మరి ఆ విన్న మనిషి ఎవరు? మనం రోజూ తలచుకునే ధమ్మం ఎవరి చెవిన పడి, ఎవరి నోట దాటి మనదాకా వచ్చింది?

ఆయన పేరు ఆనందుడు. ఈ చిన్న పుస్తకం ఆయన జీవితం గురించి, ముఖ్యంగా ఆయన జ్ఞాపకశక్తి గురించి.

ఈ విషయమే ఎందుకంటారా? మన కోనసీమలో, అమలాపురమైనా రాజోలైనా కొత్తపేటైనా, పేటలో పిల్లాడు ఎక్కం అప్పజెప్పలేకపోతే చాలు, మట్టిబుర్ర అనేస్తారు. ఊళ్ళోవాళ్ళు అనడం పాత సంగతి. ఇప్పుడు మన ఇళ్ళల్లో మనమే అంటున్నాం. జ్ఞాపకం కొన్ని కుటుంబాల నెత్తుటిలోనే ఉంటుందని కొందరి నమ్మకం. దేవత నాలుక మీద బీజాక్షరాలు రాస్తేనే వస్తుందని మరికొందరి నమ్మకం. పరీక్షలు దగ్గర పడితే పెన్నులకు పూజలు, చేతులకు తాయెత్తులు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న ఇళ్ళల్లో కూడా ఇవి పూర్తిగా పోలేదు. ఆనందుడి జీవితం తెలుసుకుంటే ఈ రెండు నమ్మకాలకూ కాళ్ళు లేవని మీకే అర్థమవుతుంది.

క్షురకుడు ముందు, రాకుమారులు వెనక

ఆనందుడు శాక్యుడు. పాలి అట్ఠకథల ప్రకారం శుద్ధోదనుడి తమ్ముడైన అమితోదనుడి కొడుకు. అంటే సిద్ధార్థుడికి చిన్నాన్న కొడుకు. బుద్ధుడు ధమ్మప్రచారం మొదలుపెట్టిన తొలి ఏళ్ళలోనే భద్దియుడు, అనురుద్ధుడు, భగువు, కింబిలుడు, దేవదత్తుడు అనే శాక్య యువకులతో కలిసి ఆనందుడు కూడా ఇల్లు విడిచాడు. వాళ్ళ వెంట ఉపాలి అనే క్షురకుడు వెళ్ళాడు.

దారిలో ఆ యువకులు నగలన్నీ తీసి ఉపాలికి ఇచ్చేసి, ఇవి పెట్టుకుని సుఖంగా బతకమని వెనక్కి పంపారు. ఉపాలి కొంత దూరం వెళ్ళి ఆగిపోయాడు. ఈ నగలతో తిరిగి వెళితే శాక్యులు తననే అనుమానించి చంపేస్తారని భయపడ్డాడు. అంతటి గొప్పింటి పిల్లలే అన్నీ వదిలి వెళుతుంటే తాను మాత్రం ఎందుకు వెళ్ళకూడదని కూడా అనుకున్నాడు. నగల మూటను చెట్టుకు తగిలించి వెనక్కి తిరిగొచ్చాడు.

అప్పుడా యువకులు బుద్ధుణ్ణి ఒక కోరిక కోరారు. ముందు ఉపాలికి దీక్ష ఇవ్వమని, తర్వాతే తమకు ఇవ్వమని. సంఘంలో ముందు చేరినవారికి తర్వాత చేరినవారు నమస్కరించాలి. తమ ఇంట క్షురకర్మ చేసినవాడికి తామే చేతులు జోడించి నిలబడితే తమలోని శాక్య గర్వం అణుగుతుందని వాళ్ళే చెప్పారు. బుద్ధుడు అలాగే చేశాడు.

ఈ ఘట్టాన్ని మనసులో ఉంచుకోండి. ఆ రోజు పక్కపక్కన నిలబడ్డ ఈ ఇద్దరి బుర్రల్లోనే, క్షురకుడైన ఉపాలి, రాకుమారుడైన ఆనందుడి బుర్రల్లోనే, రేపు బౌద్ధం మొత్తం భద్రంగా ఉండబోతోంది.

ఎనిమిది షరతులు

తొలి ఇరవై ఏళ్ళు బుద్ధుడికి స్థిరమైన పరిచారకుడు లేడు. నాగసమాలుడు, ఉపవాణుడు, మేఘియుడు ఇలా ఒకరి తర్వాత ఒకరు చేశారు. వాళ్ళలో కొందరు మాట వినలేదు. నాగసమాలుడైతే దారి చీలిన చోట పాత్రను నేల మీద పెట్టి తన దారిన తాను పోయాడు. బుద్ధుడికి యాభై అయిదేళ్ళు వచ్చాక, ఇక తనకు నమ్మకమైన తోడు కావాలని సంఘానికి చెప్పాడు. పెద్ద పెద్ద భిక్షువులు ముందుకొచ్చారు. ఆనందుడు మాత్రం నోరు మెదపలేదు. తోటివారు పోరుపెడితే ఎనిమిది షరతుల మీద ఒప్పుకున్నాడు.

నాలుగు వద్దులు: బుద్ధుడికి వచ్చిన చీవరం తనకు ఇవ్వకూడదు. ఆయనకు వచ్చిన భిక్ష ఇవ్వకూడదు. ఆయన గదిలో చోటు ఇవ్వకూడదు. ఆయనకు వచ్చిన విందుకు తనను వెంట తీసుకెళ్ళకూడదు. లాభం కోసం సేవ చేస్తున్నాడన్న మాట పడకూడదని ఈ జాగ్రత్త.

నాలుగు కావాలిలు: తాను ఒప్పుకున్న విందుకు బుద్ధుడు రావాలి. దూరం నుంచి వచ్చినవారిని వెంటనే ఆయన దగ్గరకు తీసుకెళ్ళే వీలుండాలి. సందేహం వస్తే అప్పటికప్పుడు అడిగే వీలుండాలి. తాను లేనప్పుడు బుద్ధుడు ఎక్కడైనా ధమ్మం చెబితే, వచ్చాక అది తనకు మళ్ళీ చెప్పాలి.

చివరి రెండు కోరికలూ ఇంకోసారి చదవండి. అర్థం కానిది వెంటనే అడగాలి. వినలేనిది మళ్ళీ చెప్పించుకోవాలి. ఆనందుడి జ్ఞాపకశక్తి గుట్టంతా ఇందులోనే ఉంది. వరం దొరికినవాడు ఇలాంటి షరతులు పెట్టడు. మర్చిపోతానన్న ఎరుక ఉన్నవాడే పెడతాడు.

ఆ రోజు నుంచి 25 ఏళ్ళు ఆయన బుద్ధుణ్ణి నీడలా అంటిపెట్టుకుని ఉన్నాడు. నీళ్ళు తెచ్చాడు, పక్క సర్దాడు, వచ్చేపోయేవారిని చూసుకున్నాడు, అన్నీ విన్నాడు. ఎక్కువ విన్నవారిలో, స్మృతి గలవారిలో, గ్రహించే నేర్పు ఉన్నవారిలో, పట్టుదల ఉన్నవారిలో, పరిచర్య చేసినవారిలో, ఈ అయిదింటిలోనూ ఆనందుడే ముందని బుద్ధుడు చెప్పినట్టు అంగుత్తర నికాయంలో ఉంది. శిష్యుల్లో ఒకే మనిషికి అయిదు విషయాల్లో అగ్రస్థానం దక్కడం చాలా అరుదు.

చేలో మడులు, బుర్రలో మడులు

ఒకసారి బుద్ధుడు దక్షిణాగిరికి నడిచి వెళుతూ మగధ పొలాలను చూశాడు. గట్లతో మడులు మడులుగా విడదీసిన వరి చేలు. ఇలాంటి తీరులో చీవరం కుట్టగలవా అని ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు ముక్కలు కత్తిరించి, గట్లలాగా అంచులు కలిపి కుట్టి చూపించాడు. ఈ రోజుకీ భిక్షువులు కప్పుకునే చీవరం ఆ వరి చేను నమూనాయే. క్లుప్తంగా చెప్పినదాన్ని వివరంగా గ్రహించాడని బుద్ధుడు మెచ్చుకున్నాడు.

వరి చేను గట్ల మీద పెరిగిన మీకు దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. పదెకరాల్లో ఒకేసారి ఎవరూ నీరు నిలబెట్టలేరు. మడి మడికీ గట్టు వేస్తేనే నిలుస్తుంది. జ్ఞాపకమూ అంతే. మనిషి బుర్ర ఒకేసారి పట్టుకోగలిగేది చాలా తక్కువ. అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ఆ లెక్క సుమారు ఏడు అన్నాడు. ఇంకా తక్కువే, నాలుగు దాకానే అని తర్వాతివాళ్ళు తేల్చారు. కానీ చిన్న చిన్న సంగతులను ఒక మడిగా కట్టేస్తే, ఆ మడి మొత్తం ఒక్కటిగా లెక్క.

ఇప్పుడు ధమ్మాన్ని చూడండి. నాలుగు ఆర్యసత్యాలు, అయిదు శీలాలు, అయిదు స్కంధాలు, ఏడు బోధ్యంగాలు, ఎనిమిది అంగాల మార్గం. అన్నీ లెక్కపెట్టి గట్లు వేసిన మడులే. అంగుత్తర నికాయమైతే ఒకటి నుంచి పదకొండు దాకా అంకెల వరసలోనే అమర్చారు. ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ రావడం, చిన్న మాట తర్వాత పెద్ద మాట పేర్చడం, పఠించేటప్పుడు లయ పాటించడం, ఇవన్నీ చెవి మీద ఆధారపడినవారు పట్టు చిక్కడానికి చేసుకున్న ఏర్పాట్లు. సుత్తాల్లో చెప్పిందే చెబుతారెందుకని మీరు విసుక్కుని ఉండొచ్చు. పుస్తకం లేనివాడికి ఆ పునరుక్తే పుస్తకం.

ఇది పనిచేస్తుందనడానికి రుజువేది? 1980లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎరిక్సన్, ఛేజ్, ఫలూన్ ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. మామూలు తెలివి ఉన్న ఒక విద్యార్థికి అంకెల వరస చదివి వినిపించి తిరిగి చెప్పించారు. మొదట్లో అందరిలాగే ఏడంకెలు చెప్పాడు. ఏడాదిన్నరకు పైగా, మొత్తం 230 గంటలు అభ్యాసం చేశాక 79 అంకెలు చెప్పాడు. అతను పరుగు పందేల కుర్రాడు. అంకెలను పరుగు పందెం సమయాలుగా మార్చుకుని మడులు కట్టుకున్నాడు. అంకెలకు బదులు అక్షరాలు ఇస్తే మళ్ళీ ఆరు దగ్గరే ఆగిపోయాడు. అంటే అతని బుర్ర మారిపోలేదు. అభ్యాసం చేసిన పొలమే పండింది.

లండన్ టాక్సీ డ్రైవర్ల కథ ఇంకా గట్టిది. ఆ నగరంలో లైసెన్సు కావాలంటే వేల వీధులు కంఠస్థం కావాలి. వాళ్ళ మెదడులో దారులను గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ అనే భాగం వెనకవైపు పెద్దదిగా ఉందని ఎలినార్ మగ్వైర్ బృందం 2000లో చూపించింది. పుట్టుకతోనే పెద్దదేమో అన్న అనుమానం వచ్చింది. అందుకని చదువు మొదలుపెట్టినవాళ్ళను ముందూ తర్వాతా పరీక్షించారు. ఆ చదువు పూర్తిచేసి నెగ్గిన 39 మందిలో ఆ భాగం పెరిగింది. నెగ్గనివాళ్ళలో పెరగలేదు. మొదట్లో అందరివీ ఒకేలా ఉన్నాయి. ఈ ఫలితం 2011లో వచ్చింది.

మన తెలుగు నాట అవధానం అంటే తెలియనివారు లేరు. ఎనిమిది మంది, వంద మంది పృచ్ఛకులు రకరకాలుగా అడుగుతుంటే పద్యాలు అల్లి చివర్న అన్నీ వరసగా అప్పజెబుతారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి కలిసి తిరుపతి వేంకట కవులుగా శతావధానాలు చేసి పేరు పొందారు. జనం దాన్ని సరస్వతీ కటాక్షం అన్నారు. నిజానికి అందులో ఉన్నది ఏళ్ళ తరబడి చేసిన సాధన. ఛందస్సూ ఒక గట్టే. యతి, ప్రాస, గణం తప్పితే తప్పిందని చెవికే తెలిసిపోతుంది. అందుకే పద్యం వచనం కన్నా బాగా నిలుస్తుంది. మన అమ్మలు ఊడ్పుల్లో పాడిన పొడవాటి పాటలు కాగితం లేకుండా నిలిచిందీ ఈ కారణానికే. వాళ్ళనెవరూ అవధానులు అనలేదు, అంతే తేడా.

గుర్తుంచుకునే హక్కు ఎవరిది?

ఇక్కడొక చేదు నిజం చెప్పుకోవాలి. మన గోదావరి లంకల్లో, అగ్రహారాల్లో వేదం కంఠస్థం చేసే ఘనపాఠీలు తరతరాలుగా ఉన్నారు. ఘన పద్ధతిలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, ఇలా పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చదువుతారు. పదం జారిపోకుండా, అక్షరం మారకుండా కాపలా కాసే పద్ధతి అది. 2016లో జేమ్స్ హార్ట్‌జెల్ బృందం 21 మంది వేదపండితుల మెదళ్ళను స్కాన్ చేసి, భాషకూ జ్ఞాపకానికీ సంబంధించిన భాగాల్లో తేడాలు కనిపించాయని చెప్పింది. ఆ శ్రమను తక్కువ చేయాల్సిన పనిలేదు.

కానీ ఆ తలుపు ఎవరికి తెరిచారు? గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయం చూడండి. వేదం విన్న శూద్రుడి చెవుల్లో కరిగించిన సీసం, లక్క పోయాలట. పలికితే నాలుక కోయాలట. గుర్తుపెట్టుకుంటే శరీరాన్నే చీల్చాలట. వినడం నేరం, పలకడం నేరం, గుర్తుండటం అన్నిటికన్నా పెద్ద నేరం. ఇన్ని గోడలు కట్టిన తర్వాత, మీ బుర్రల్లో ఏమీ నిలవదని మన తాతలను వెక్కిరించారు. అంటరానివారిని శూద్రుల కన్నా కిందకి తోసిన వ్యవస్థలో మన చెవుల సంగతి వేరే చెప్పాలా?

బుద్ధుడి సంఘంలో ఏం జరిగిందో దీని పక్కన పెట్టి చూడండి. వినయ నియమాలన్నీ ఎవరికి గుర్తున్నాయి? క్షురకుడు ఉపాలికి. కోసంబిలో ఖుజ్జుత్తర అనే గూని దాసి ఉండేది. సామావతి రాణికి పూలు తెచ్చే పని ఆమెది. బుద్ధుడి బోధ విని వచ్చి, విన్నది విన్నట్టు అంతఃపురంలో ఆడవాళ్ళకు అప్పజెప్పేది. దాసి ఎత్తయిన పీట మీద, రాణి కింద కూర్చునేవారు. ఇతివుత్తకం అనే గ్రంథంలోని 112 సుత్తాలు ఆమె జ్ఞాపకం నుంచే వచ్చాయని సంప్రదాయం చెబుతుంది. ఎక్కువ విన్న ఉపాసికల్లో ఆమెనే ముందని బుద్ధుడు ప్రకటించాడు.

ఆనందుడు ఈ సంఘంలో తయారైన మనిషి. సావత్థిలో ఒక బావి దగ్గర మాతంగ పిల్లను మంచినీళ్ళు అడిగాడు. తాను చండాల పిల్లనని, నీళ్ళు ఎలా పోస్తానని ఆమె వెనకాడితే, నేను అడిగింది నీళ్ళు గానీ కులం కాదని చెప్పాడు. ఈ ఘట్టాన్ని బాబాసాహెబ్ కూడా తన గ్రంథంలో చెప్పారు. మహాప్రజాపతి గౌతమి జుట్టు తీయించుకుని, కాళ్ళు వాచిపోగా వైశాలి దాకా నడిచొచ్చి వాకిట్లో ఏడుస్తూ నిలబడితే, లోపలికి వెళ్ళి ఆమె తరఫున వాదించింది ఆనందుడే. స్త్రీలు మార్గఫలం పొందగలరా లేదా అని సూటిగా అడిగాడు. పొందగలరని బుద్ధుడు ఒప్పుకున్నాక, మరి దీక్ష ఎందుకు కూడదని నిలదీశాడు. భిక్షుణీ సంఘం అలా పుట్టింది.

సత్తపణ్ణి గుహ: జ్ఞాపకం చాలని రాత్రి

కుశీనారలో బుద్ధుడు చివరి పడకలో ఉన్నప్పుడు ఆనందుడు పక్కకు వెళ్ళి తలుపు చట్రం పట్టుకుని ఏడ్చాడు. తాను ఇంకా నేర్చుకోవాల్సినవాడినే, తన గురువు పోతున్నాడని. 25 ఏళ్ళు విన్నదంతా గుర్తుంది. అన్నీ అనిత్యమన్న మాట ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. అయినా దుఃఖం ఆగలేదు. బుద్ధుడు పిలిపించి ఓదార్చాడు, సాధన చేయమన్నాడు.

మూడు నెలల తర్వాత రాజగృహంలో మహాకశ్యపుడి ఆధ్వర్యంలో తొలి సంగీతి ఏర్పాటైంది. 500 మంది అర్హంతులు కూర్చోవాలి. ఆనందుడు ఇంకా అర్హంతుడు కాలేదు. ధమ్మం మొత్తం గుర్తున్న మనిషి గడప బయటే ఆగిపోయే పరిస్థితి! గుర్తుండటం ఒక ఎత్తు, దాన్ని బతుకుగా మార్చుకోవడం మరో ఎత్తు అని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. ముందు రోజు రాత్రంతా ఆనందుడు సాధన చేశాడు. తెల్లవారుజామున అలసి నడుం వాల్చబోతూ, పాదాలు నేల విడిచి తల దిండుకు ఆనకముందే విముక్తి పొందాడని చెబుతారు. బిగపట్టిన పట్టు సడలినప్పుడు మనసు విచ్చుకుంది.

మర్నాడు సభలో వినయం గురించి ఉపాలిని, ధమ్మం గురించి ఆనందుణ్ణి ప్రశ్నించారు. ఎక్కడ చెప్పాడు, ఎవరి విషయంలో చెప్పాడు, ఏ సందర్భంలో చెప్పాడు? ప్రతి దానికీ జవాబు రావాలి. అందరూ విని సరేనన్నాక కలిసి పఠించారు. ఒక్కడి మాటను అలాగే తీసుకోలేదు. 500 చెవుల ముందు పరీక్ష పెట్టారు.

ఆ సభలోనే ఆనందుడి మీద తప్పులు మోపారు. చిన్న చిన్న నియమాలు కావాలంటే తీసేయవచ్చని బుద్ధుడు చెప్పినట్టు ఆయనే చెప్పాడు. అవేవో అడిగావా అంటే, అడగలేదన్నాడు. అంతటి జ్ఞాపకంలోనూ ఒక ఖాళీ! దాన్ని కల్పించి పూడ్చలేదు. తెలియదని తెలియదనే చెప్పాడు. స్త్రీలకు దీక్ష ఇప్పించడాన్ని కూడా తప్పుగానే లెక్కేశారు. అందులో తనకు దోషం కనిపించడం లేదని, పెద్దల మీద గౌరవంతో మాత్రం ఒప్పుకుంటున్నానని ఆనందుడు బదులిచ్చాడు. ఇంత వినయంగా, ఇంత నిక్కచ్చిగా ఆయన నిలబడ్డ తీరు చూడండి.

కథలేవి, నిజాలేవి?

ఆనందుడి చుట్టూ కథలు చాలా అల్లారు. బుద్ధుడు పుట్టిన రోజే పుట్టాడని, 120 ఏళ్ళు బతికాడని, రోహిణి నది మీద గాలిలో కూర్చుని శరీరాన్ని రెండు పాళ్ళు చేసుకున్నాడని. 84,000 ధమ్మభాగాలు గుర్తున్నాయని థేరగాథలు చెబుతాయి. అశోకుడి స్తూపాలకూ అదే లెక్క చెబుతారు. పాత కాలంలో చాలా ఎక్కువ అనడానికి అది ఒక వాడుక. ఒక్కసారి విన్నది, కళ్ళతో చూసింది ఫొటోలా అచ్చుగుద్దినట్టు నిలిచిపోవడం పెద్దవాళ్ళలో ఉందనడానికి శాస్త్రానికి ఇంతవరకు గట్టి రుజువు దొరకలేదు. తమ జీవితంలో ప్రతి తేదీ గుర్తున్నవారు కొద్దిమంది ఉన్నారు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంవారు అలాంటి 20 మందిని పరీక్షిస్తే, జరగనిది జరిగినట్టు గుర్తొచ్చే పొరపాటు వాళ్ళకూ మనలాగే ఉందని తేలింది.

జ్ఞాపకం ఎలా దారి తప్పుతుందో బ్రిటన్ శాస్త్రవేత్త బార్ట్‌లెట్ 1932లో చూపించాడు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లీషు విద్యార్థులకు ఇచ్చి, కొంత కాలం తర్వాత మళ్ళీ చెప్పమన్నాడు. తమకు కొత్తగా అనిపించినవి వదిలేశారు. తమ ఊరి అలవాటు ప్రకారం కొన్ని మార్చేశారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. తమ సమాజం తమలో నింపినదాన్ని తెలియకుండానే కలిపేశారు.

ఈ సంగతిని బాబాసాహెబ్ బౌద్ధ సాహిత్యంలో పట్టుకున్నారు. 1957లో వెలువడిన ఆయన గ్రంథం ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’లో భాణకుల గురించి రాశారు. భాణకులంటే సుత్తాలను కంఠస్థం చేసి అప్పజెప్పే భిక్షువులు. బుద్ధుడు బతికుండగానే ఆయన మాటలను తప్పుగా చెప్పిన సందర్భాలు అయిదింటిని బాబాసాహెబ్ ఎత్తిచూపారు. ముఖ్యంగా కర్మ, పునర్జన్మల విషయంలో ఈ పొరపాట్లు ఎక్కువని, ఆ మాటలు బ్రాహ్మణ మతంలోనూ ఉన్నాయి కాబట్టి అందులోవి ఇందులోకి సులువుగా జొరబడ్డాయని వివరించారు. దానికి కొలబద్ద కూడా ఇచ్చారు. బుద్ధుడు హేతువు తప్పనివాడు. కాబట్టి హేతువుకు నిలబడేదే ఆయన మాటగా తీసుకోవాలి. మనిషి మేలుకు పనికిరాని చర్చల్లోకి ఆయన దిగలేదని కూడా గుర్తుచేశారు.

ఇది ఆనందుణ్ణి తక్కువ చేయడం కాదు. భోగనగరంలో ఆనందుడు పక్కనుండగానే బుద్ధుడు ఇదే జాగ్రత్త చెప్పాడు. ఫలానా మాట బుద్ధుడి నోట విన్నానని ఎవరైనా చెబితే వెంటనే ఒప్పుకోవద్దు, వెంటనే కొట్టిపారేయొద్దు, సుత్తంతోనూ వినయంతోనూ పోల్చి చూడమన్నాడు. జ్ఞాపకాన్ని గౌరవించు, కానీ పరీక్షించు. ధమ్మం మనకిచ్చిన పద్ధతి అది.

మన గడ్డ మీద ఇంకో ఆనందుడు

బుద్ధుడు పోయాక సుమారు నాలుగు శతాబ్దాలు ధమ్మం నోటి మీదే నడిచింది. దీఘ నికాయానికి కొందరు, మజ్ఝిమ నికాయానికి కొందరు, ఇలా భాణకులు పంచుకున్నారు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో శ్రీలంకలో ఘోరమైన కరువు వచ్చింది. ఒక గ్రంథమైతే చివరికి ఒకే ఒక్క భిక్షువుకు గుర్తుందని, మిగతావాళ్ళు పోయి నేర్చుకున్నారని అట్ఠకథలు చెబుతాయి. ఆ ఒక్కడూ పోయి ఉంటే? ఆ భయంతోనే త్రిపిటకాలను తాటాకుల మీదకు ఎక్కించారు.

ఆ నోటి సంప్రదాయం మన తెలుగు నేల మీదా ఉంది. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఆరో పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, మహాచైత్యం పని పూర్తయింది. చాంతిసిరి అనే రాజకుటుంబ స్త్రీ దానం చేసింది. పని దగ్గరుండి పూర్తి చేయించిన భిక్షువు పేరు శాసనంలో ఉంది. ఆయన పేరూ ఆనందుడే. దీఘ, మజ్ఝిమ నికాయాలను ధరించినవాడని, అంటే కంఠస్థంగా మోసినవాడని ఆయన్ను వర్ణించారు. బుద్ధుడి ఆనందుడు పోయిన ఎన్నో వందల ఏళ్ళకు, కృష్ణ ఒడ్డున ఇంకో ఆనందుడు అదే ధమ్మాన్ని బుర్రలో మోస్తూ ఇటుకలు పేర్పించాడు.

మనకు ఇంకా దగ్గర్లో, మామిడికుదురు మండలం ఆదుర్రులో వైనతేయ పాయ ఒడ్డున ఇటుక స్తూపం శిథిలాలు ఉన్నాయి. అక్కడ ఇటుకలు మిగిలాయి. పఠించిన గొంతుల పేర్లు మిగల్లేదు. జ్ఞాపకాన్ని అందిపుచ్చుకునేవారు లేకపోతే కట్టడం దిబ్బ అయిపోతుందని ఆ చోటు మనకు చెబుతోంది. మీ పిల్లలను ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్ళండి.

ఇక మన ఇంట్లో

ఆనందుడి నుంచి మనం తీసుకోవాల్సినవి చాలా మామూలు పనులు.

ఒకటి. పిల్లల్ని మట్టిబుర్ర అనకండి. ఆ మాట మన నోట రావడమంటే గౌతమ ధర్మసూత్రాన్ని మనమే అమలు చేయడం. బాబాసాహెబ్ జ్ఞాపకశక్తిని దైవాంశ అని కథలుగా చెప్పకండి. ముంబై దాదర్‌లో ఇల్లు కట్టుకుంటూ పుస్తకాల కోసమే చోటు చూసుకున్న మనిషి ఆయన. పిల్లలకు ఆ శ్రమ చెప్పండి.

రెండు. అర్థం కానిది వెంటనే అడిగే అలవాటు నేర్పండి. ఆనందుడి ఏడో షరతు అదే. బళ్ళో అడిగితే కసిరారంటే, వెళ్ళి టీచరుగారితో మాట్లాడే పని మనది.

మూడు. ఒకే రోజు పది గంటలు రుబ్బించడం కన్నా, రోజూ కొంచెం చదివి పుస్తకం మూసి అప్పజెప్పించండి. రెండ్రోజులాగి మళ్ళీ అడగండి. చూసి చదవడం కన్నా చూడకుండా గుర్తుచేసుకోవడమే జ్ఞాపకాన్ని గట్టి చేస్తుందని పరీక్షల్లో తేలింది. కంటినిండా నిద్ర కూడా కావాలి. తాయెత్తుకు పెట్టే డబ్బుతో నోటు పుస్తకం వస్తుంది.

నాలుగు. విహారంలో సుత్తం ఒక్కరే చదివి మిగతావాళ్ళు వినే పద్ధతి మార్చండి. ఒకరు చెబితే అందరూ చెప్పాలి. తప్పితే పక్కవారు సరిదిద్దాలి. ముసలివాళ్ళ చేత, ఆడపిల్లల చేత, చదువు రానివారి చేత కూడా పఠింపజేయండి. ఖుజ్జుత్తర ఏ బళ్ళో చదవలేదు.

అయిదు. పఠించాక ఆగండి. త్రిశరణాలు, పంచశీలాలు గుక్కతిప్పకుండా చెప్పగలిగిన మనిషి సాయంత్రం సారా దుకాణం దగ్గర కనిపిస్తే ఆ జ్ఞాపకం దేనికి? 22 ప్రతిజ్ఞలు అప్పజెప్పి, పెళ్ళికి ముహూర్తం పెట్టించుకుంటే ఆ కంఠస్థం దేనికి? అన్నీ గుర్తున్న ఆనందుడే ఒక రాత్రి గడప బయట నిలబడ్డాడు. ఆ గడప దాటించింది సాధన. మనలో ప్రతి ఒక్కరికీ ఆ గడప ఉంది, ఆ రాత్రీ ఉంది.

మన ముందుతరాల చెవులు మూశారు. ఇప్పుడు మూసేవాడు లేడు. వినండి, అడగండి, అప్పజెప్పండి, పరీక్షించండి, ఆచరించండి. రేపు మీ మనవడు ధమ్మం చెబుతూ తాను ఇలా విన్నానని మొదలుపెట్టినప్పుడు, అతను విన్నది మీ నోటే కావాలి.

భవతు సబ్బ మంగళం.
జై భీమ్! నమో బుద్ధాయ!